బస్సు దిగని వెర్లన్

ఎన్నికల తేదీకి ముందే ఓటేయనిచ్చే ఓట్ల ఆదివారం మా చర్చిలో ప్రార్థన కాస్త ముందే ముగిస్తారు. పాస్టరుగారు ఆమెన్ అనీ అనకముందే నేను వెళ్ళి బస్సు స్టార్ట్ చేస్తాను. ఆదివారం బట్టల్లోనే, టోపీలతో సహా అందరూ ఎక్కి నేరుగా ఓటేయడానికి వెళ్ళాలి. ఫ్లోరిడాలో మా ఊరి ఆనవాయితీ అది. పందొమ్మిదేళ్ళుగా ఆ బస్సు నేనే నడుపుతున్నాను. నా తమ్ముడు వెర్లన్ మాత్రం ఎక్కేవాడు కాదు. ఇరవై రెండేళ్ళప్పుడు ఎవరిదో ట్రక్కు ఎత్తుకెళ్ళి మూడేళ్ళు జైల్లో ఉన్నాడు. అక్కడితో జన్మంతా వాడికి ఓటు లేకుండా పోయింది.

తర్వాత జనమే ఓటేసి, శిక్ష పూర్తయినవాళ్ళకు ఆ హక్కు తిరిగి ఇచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! కోర్టు బాకీలన్నీ కడితేనే అని పైనున్న పెద్దలు మెలిక పెట్టారు. చర్చి ఆడవాళ్ళం రెండు శనివారాలు చేపలు వేయించి అమ్మి, కోర్టువాళ్ళు చెప్పినదంతా కట్టేశాం. ముద్ర వేసి రసీదు ఇచ్చారు. నెల తిరక్కుండా ఓటరు కార్డు కూడా పోస్టులో వచ్చింది.

వెర్లన్ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, ఇంకేమైనా మిగిలిందేమో ఒకసారి కనుక్కుందామా?"

"కార్డు పంపిందెవరు, మన తాతా? సర్కారే కదరా! నోరు మూసుకుని ఎక్కు."

"నీ నోటికి ఎలాగూ బ్రేకుల్లేవు. బస్సుకైనా ఉన్నాయా?" అని నవ్వుతూ ఎక్కాడు.

'ఓటేశాను' అన్న స్టిక్కరు కోటుకు అంటించుకుని ఎంత మురిసిపోయాడో! యాభై తొమ్మిదేళ్ళ మనిషి, వారమంతా ఆ కోటు విప్పలేదు.

ఎనిమిది నెలల తర్వాత పోలీసులు వచ్చారు. పొద్దున్నే బనీనుతో చెత్తడబ్బా బయట పెట్టడానికి వచ్చినవాడికి అక్కడే బేడీలు వేశారు. పక్క జిల్లా కోర్టులో ఎప్పటిదో ఇంకో బాకీ ఉందట. బాకీ ఉండగా ఓటేయడం నేరమట. ఎంత అని అడిగితే అక్కడ ఇద్దరు రెండు లెక్కలు చెప్పారు, మూడో ఆవిడ పాత కాగితాలు దొరకడం లేదంది. లెక్క తెలియని బాకీకి మనిషిని మాత్రం పట్టుకుపోయారు, వాళ్ళ మొహాలు మండ!

జైల్లో గాజు అద్దం అవతల కూర్చుని వాడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నాలుగు నెలలకు జడ్జి కేసు కొట్టేశాడు. ఈలోపు నారింజలు పెట్టెలకెత్తే షెడ్డులో వాడి పని పోయింది.

మొన్నటి ఓట్ల ఆదివారం వాడే వచ్చి నా వెనక సీట్లో కూర్చున్నాడు. అదే కోటు. అందరూ దిగారు, వాడు కదల్లేదు.

"ఒరేయ్, నీ పేరున ఇంకే బాకీ లేదని లాయరే చెప్పాడు కదరా."

"రసీదు ఇచ్చిననాడూ అదే చెప్పారక్కా. నువ్వెళ్ళి రా. అందరి సంచులు నేను చూస్తుంటా."

ఓటేసి నాతో పాటు ముందుగా తిరిగొచ్చింది ఆర్థీన్ పెద్దమ్మ. మా చర్చిలో అందరికన్నా పెద్దది, తొంభై దాటింది. తన గౌను మీది స్టిక్కరు ఊడదీసి వెర్లన్ కోటుకు అంటించింది.

"నాకివి చాలా వచ్చాయిలే నాయనా. నువ్వు పెట్టుకో."

వాడు గోటితో మెల్లగా, చిరగకుండా దాన్ని తీసి ఆవిడ చేతిలోనే పెట్టాడు.

"వద్దు పెద్దమ్మా. ఎవరైనా చూస్తే నేను ఓటేశాననుకుంటారు."

ఆవిడ దాన్ని చేతిసంచిలో దాచుకుంది. అందరూ ఎక్కాక నేను బస్సు తీశాను. దారి పొడవునా వాడు నా డ్రైవింగును ఒక్క మాట వెక్కిరించలేదు. ఆనాడు కనుక్కుందామన్నది వాడు, ఎక్కమన్నది నేను.