అందరికీ చెప్పిన చోటు

నోలన్ మెషెల్ బోటు దొరికింది గానీ నోలన్ దొరకలేదు.

జనవరిలో, పొగమంచు ఇంకా విడవని ఒక పొద్దున అతను ఒంటరిగా రిజర్వాయరు మీదికి వెళ్ళాడు. మర్నాడు హ్యూస్టన్ నుంచి వచ్చేవాళ్ళను బాస్ చేపల వేటకు తీసుకెళ్ళాలి. ముందుగా ఒకసారి చోటు చూసి రావాలనుకున్నాడు. చలికాలంలో నీటిమట్టం దింపుతారు కనుక, సబీన్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన అడవి మోడులు నీటికి జానెడు కింద దాగి ఉంటాయి. మధ్యాహ్నానికి అతని బోటు పాత నదిపాయ పక్కన తిరగబడకుండానే, ఖాళీగా కనిపించింది. ముందుభాగం చీలి ఉంది. లైఫ్ జాకెట్టు సీటు మీద మడతపెట్టినట్టే ఉంది.

షెరిఫ్ మనుషులు వెతికారు, మునిగి వెతికేవాళ్ళు వచ్చారు, అవతలి టెక్సాస్ ఒడ్డు వాళ్ళూ వచ్చి వెతికారు. ఆ అడుగంతా కొమ్మలూ కాండాలూ. చివరికి ఒక్కొక్కరే టోపీ తీసి నోలన్ భార్య వెర్లీ చేయి నొక్కి వెళ్ళిపోయారు.

నోలన్ అన్న రూఫస్ మాత్రం వెళ్ళలేదు. అన్నదమ్ములిద్దరూ చేపల గైడులే. వాళ్ళ నాన్న కాలంలో అక్కడ నీళ్ళు లేవు, పైన్ అడవి ఉండేది. నీళ్ళు నిండాక ఆ కొత్త నీళ్ళను మొట్టమొదట చదువుకున్నది వీళ్ళిద్దరే. అరవై దాటిన రూఫస్ మాటకు పొదుపు, నవ్వుకు ఇంకా పొదుపు.

వెర్లీ ఇంట్లో వంటగది బల్ల నిండా ఇరుగుపొరుగు తెచ్చిన, మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలీల గిన్నెలు పేరుకుపోయాయి. ఆ చుట్టలు విప్పినవాళ్ళు లేరు.

"బావగారూ, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. నన్ను చూస్తే అందరూ నోళ్ళు కుట్టేసుకుంటున్నారు. ఆయన అసలు దొరుకుతాడా?"

రూఫస్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"చన్నీళ్ళు మనిషిని పట్టుకుంటాయమ్మా. నీళ్ళు వెచ్చబడాలి. అప్పుడు వదులుతాయి."

"అంటే ఎప్పుడు?"

"వసంతంలో, డాగ్‌వుడ్ చెట్లు పూసినప్పుడు. బాస్ చేపలు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేటప్పుడు."

వెర్లీ ఏడవలేదు. "అయితే నన్ను కూడా తీసుకెళ్ళండి," అంది.

ఆ ఏడు రూఫస్ గైడు పని ఒప్పుకోలేదు. ఫిబ్రవరి, మార్చి నెలలంటే మా వైపు గైడులకు పంటకోతల కాలం. పెద్ద పెద్ద ఆడచేపలు కడుపు నిండా గుడ్లతో లోతుల్లోంచి పైకి వచ్చేది అప్పుడే. ఫోను మోగితే రూఫస్, "ఈసారి కుదరదు, వేరే వాళ్ళను చూసుకోండి," అని పెట్టేసేవాడు. పొద్దున్నే వెర్లీ స్కూలు వంటశాల పనికి సెలవు పెట్టి రేవు దగ్గరికి వచ్చేది. ఇద్దరూ బోటెక్కి, ఒడ్డుల వెంట, నాచు అంచుల వెంట, మోడుల మధ్య నెమ్మదిగా తిరిగేవాళ్ళు.

మొదటి వారం ఆమె నీళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. చూసీ చూసీ ప్రతి దుంగా మనిషిలాగే కనిపించసాగింది. ఒక రోజు నల్లటి దుంగ ఒకటి చూసి కేక పెట్టి, మొహం కప్పుకుంది. రూఫస్ బోటు ఆపి, ఆమె చేతిలో ఒక గాలపు కర్ర పెట్టాడు.

"నాకెందుకిది? నాకు రాదు."

"రాకపోతే నేర్చుకో. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది. చేతులు పని చేస్తుంటే కళ్ళు వాటంతటవే చూస్తాయి."

"ఆయనతో ఇన్నేళ్ళు కాపరం చేసి ఒక్కసారి కూడా ఇది పట్టుకోలేదు, బావగారూ. ఆ కంపు ఇంట్లోకి తేవద్దని రోజూ పోట్లాడేదాన్ని."

"వాడు నాకు చెప్పేవాడులే. బట్టలు గరాజులోనే విప్పించేదానివంటగా."

వెర్లీ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

రూఫస్ ఆమెకు కాలాన్ని బట్టి నేర్పాడు. ముందు చలి. చలిలో చేప ఒళ్ళు బరువెక్కి లోతులో పడి ఉంటుంది, ఎర దాని ముక్కు ముందు ఆగి ఆగి కదిలితే తప్ప నోరు తెరవదు. రబ్బరు వానపామును అడుగున పెట్టి, లాగానా లేదా అన్నట్టు లాగాలి. తర్వాత రెండు మూడు రోజులు దక్షిణపు గాలి వీచి ఎండ కాస్తే, చేప వాగుల మూతి దాకా వస్తుంది, అక్కడి గడ్డి అంచున కాపు కాస్తుంది. అప్పుడు ఎర్ర రొయ్య రంగు ఎర కావాలి. దాన్ని గడ్డిలోకి విసరాలి, చిక్కుకోనివ్వాలి, చిక్కాక ఒక్కసారి విదిలించి ఊడబెరకాలి.

"ఊడిన ఆ క్షణంలోనే కొడుతుంది. ఎందుకో తెలుసా? పారిపోయేదాన్ని చూస్తే దానికి ఆగదు."

"మగాళ్ళలాగే," అంది వెర్లీ.

రూఫస్ ఆమె వైపు వింతగా చూశాడు. చాలా రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి ఎకసెక్కం అది.

ఫిబ్రవరి చివర్లో ఆమెకు ఒక పెద్దది పడింది. కర్ర విల్లులా వంగింది, ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకొని, బోటు అంచుకు కాలు తన్నిపెట్టి నిలబడింది. రూఫస్ చేపను కింది దవడ పట్టుకొని ఎత్తాడు. పొట్ట ఉబ్బి, పక్కలు పచ్చగా మెరుస్తూ ఉంది.

"దీన్ని చూశావా, నిండు చూలాలు. ఇంకో రెండు మూడు వారాల్లో గులకరాళ్ళ మీద గుడ్లు పెట్టేసి పోతుంది. మగది గూడు కాస్తుంది, తిండి కూడా తినదు."

వెర్లీ దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. ఒక్క నిమిషం అలాగే పట్టుకొని, నీళ్ళలో నెమ్మదిగా వదిలింది. తర్వాత చల్లటి చేతులను ఒళ్ళో పెట్టుకుంది.

అంతలో ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదలైంది. శుక్రవారాల్లో మాంసం ముట్టకూడదు కనుక మా చర్చి హాలులో ప్రతి ఏడూ క్యాట్‌ఫిష్ వేపుళ్ళ విందు ఉంటుంది. రిజర్వాయరు చేపే, ఊరంతా వస్తారు. ఆ ఏడు మొదటి శుక్రవారం వెర్లీ హాలులోకి వెళ్ళేసరికి పళ్ళాల్లో బీన్సూ, జున్ను వేసిన మాకరోనీ ఉన్నాయి. ఆమె ఒక్క క్షణం అర్థం కాక, "చేప ఏది, లువీనియా అక్కా?" అని అడిగింది.

వడ్డిస్తున్న లువీనియా గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఈసారి... ఈసారి ఎవరూ తినమంటున్నారమ్మా," అంది చివరికి, తలెత్తకుండా.

నోలన్ ఉన్న నీళ్ళలోని చేపను ఎవరూ ముట్టడం లేదని వెర్లీకి అప్పుడు అర్థమైంది. కానీ బయటికి వెళ్ళలేదు. పళ్ళెం తీసుకొని, బీన్సు వడ్డించుకొని, అందరి మధ్యా కూర్చొని ముద్ద ముద్దా తిన్నది. ఇంటికి వెళ్ళాక రూఫస్‌కు ఫోను చేసింది.

"నా మొగుడి వల్ల ఊరు ఊరంతా నోరు కట్టుకుంది బావగారూ. ఇలా మనమిద్దరమే తిరిగితే చాలదు. ఇంకా కళ్ళు కావాలి."

ఆ కళ్ళు మార్చి నడిమికి వచ్చాయి. ఏటా జరిగే బాస్ పోటీకి అయిదారు రాష్ట్రాల నుంచి బోట్లు దిగాయి. పోటీ ముందురోజు సాయంత్రం రేవు పక్కన షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి నియమాలు చదువుతారు. నిర్వాహకులు వెర్లీకి మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఆమె ముందుకు వచ్చి నిలబడింది. చాలామంది టోపీలు తీశారు.

"నా భర్త నోలన్ ఈ నీళ్ళలో ఉన్నాడు. నీలం గళ్ళ చొక్కా, గోధుమరంగు కోటు. మీరు చేపలు పట్టుకోండి, ఆయనకూ అదే ఇష్టం. కానీ కొంచెం చూస్తూ ఉండండి. అంతే."

వెనక నుంచి ఎవరో జంకుతూ అడిగారు. "ఎక్కడ చూడమంటారమ్మా? ఇది చెరువు కాదు, సముద్రంలా ఉంది."

అప్పుడు రూఫస్ లేచాడు.

"నేను చెప్తాను. ఇన్నాళ్ళూ ఉత్తరపు గాలి. ఇప్పుడు తిరిగింది, వారం నుంచి దక్షిణం నుంచే కొడుతోంది. పైనున్న వెచ్చటి నీళ్ళను ఉత్తరపు ఒడ్డు మలుపుల్లోకి తోస్తోంది. మీ చేపలు గూళ్ళు కట్టడానికి ముందుగా పోయేది అక్కడికే. నీటి మీద తేలేది ఏదున్నా అక్కడికే పోతుంది."

స్థానిక గైడుల బల్ల దగ్గర డబ్ కాస్టీ అనే వాడు పక్కవాడి చెవిలో, అందరికీ వినపడేటట్టే, "రూఫస్ చోటు చెప్పడమా? వాడు పెళ్ళానికి కూడా చెప్పడు. ఎటో తోలేస్తున్నాడు చూడు," అన్నాడు.

రూఫస్ విన్నాడు. మెడ ఎర్రబడింది. గోడ మీది పెద్ద పటం దగ్గరికి నడిచి, వేలు పెట్టాడు.

"ఇది గుడ్డిగాడిద వాగు. మూతి దగ్గర మోడులు చూసి అందరూ భయపడి వెనక్కి పోతారు. ఎడమ ఒడ్డుకు బోటు ఆనించి పోతే దారి ఉంది. లోపల మూడో మలుపులో గట్టి ఇసుక నేల ఉంది, గడ్డి అంచు ఉంది. ఎర్ర ఎర విసరండి. మధ్యాహ్నం ఎండెక్కాక రబ్బరు పురుగు, బరువు లేకుండా, దానంతటదే మునగనివ్వండి. నేనూ నా తమ్ముడూ పిల్లల చదువులన్నీ ఆ మలుపులోంచే చెప్పించాం." వేలు పక్కకు జరిపాడు. "ఇది రెండోది..."

అలా తమ్ముడితో కలిసి జీవితమంతా దాచుకున్న చోట్లన్నీ ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. దారి, లోతు, ఎర, వేళ. డబ్ కాస్టీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. షెడ్డులో రాసుకుంటున్న పెన్సిళ్ళు కూడా కాసేపటికి ఆగిపోయాయి.

బయటికి వచ్చాక వెర్లీ, "మీకిక ఏం మిగిలింది బావగారూ?" అంది.

"వాడు లేకుండా నేనక్కడ చేసేదేముంది," అన్నాడు రూఫస్.

మొదటి రోజు ఎవరికీ ఏమీ కనపడలేదు. ఓక్లహోమా నుంచి వచ్చిన ఎమ్మెట్ అనే వెల్డరు, అంతకుముందు ఎవరూ పేరు వినని మనిషి, గుడ్డిగాడిద వాగులోంచి తెచ్చిన చేపల తూకంలో అందరికంటే ముందు నిలిచాడు. రెండో రోజూ అక్కడికే వెళ్ళాడు. మధ్యాహ్నానికి అతని బోటు తొట్టిలో ముందురోజు కంటే పెద్ద చేపలు పడ్డాయి. ఇక తూకానికి తిరిగి వెళ్ళడమే మిగిలింది. మలుపు తిరుగుతుండగా, పడిపోయిన సైప్రస్ చెట్టు కొమ్మల మధ్య అతనికి నీలం గళ్ళ చొక్కా కనిపించింది.

అక్కడ ఫోనుకు సిగ్నలు లేదు. గాలి మళ్ళీ తిరుగుతోంది, ఉత్తరం నుంచి చిన్నగా మొదలైంది. తను వెళ్ళి మనుషుల్ని తెచ్చేసరికి ఆ మనిషి మళ్ళీ పెద్ద నీళ్ళలోకి పోతాడేమోనని ఎమ్మెట్‌కు భయమేసింది. తన వాన కోటు తీసి కప్పాడు. బోటును అడ్డంగా పెట్టి చెట్టుకు కట్టి, గాలికి అడ్డుగా ఉండిపోయాడు. తూకం వేళ దగ్గరపడింది. తొట్టి మూత తీసి చేపలను ఒక్కొక్కటే వదిలేశాడు. తర్వాత టోపీ తీసి, తనకు తెలిసిన ప్రార్థనలు చెప్పుకుంటూ, నడుమ నడుమ హారను కొడుతూ కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా ఆ హారను విని రూఫస్ బోటు లోపలికి వచ్చింది. వెర్లీ ముందు సీట్లో ఉంది.

ఎమ్మెట్ చేయెత్తి ఆపాడు.

"అమ్మా, మీరు అక్కడే ఉండండి. చూడకండి. ఆయనే. నేను దగ్గరే ఉన్నాను."

రూఫస్ ఒక్కడే ఆ బోటులోకి దాటాడు. కోటు అంచు కొంచెం ఎత్తి చూశాడు, మళ్ళీ కప్పాడు. అంత పెద్ద మనిషి మోకాళ్ళ మీద కూలబడి, తమ్ముణ్ణి చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచి ఏడ్చాడు. వెర్లీ చూడలేదు. ముందు సీటు రెండు చేతులతో పట్టుకొని, కళ్ళు మూసుకొని ఆ ఏడుపు విన్నది.

రేవు దగ్గర షెరిఫ్ మనుషులు నోలన్‌ను తీసుకెళ్ళాక, వెర్లీ ఎమ్మెట్ దగ్గరికి వచ్చింది. అతను కోటు లేక వణుకుతున్నాడు.

"మీ తూకం పోయిందటగా, నాయనా."

"పోనివ్వండమ్మా. చేపలు మళ్ళీ దొరుకుతాయి." అడగొచ్చో లేదో అన్నట్టు, "ఆయన ఎలాంటి మనిషి?" అన్నాడు. "ఇంతసేపు పక్కన కూర్చున్నాను. పేరు తప్ప ఏమీ తెలియదు."

వెర్లీ ఆ మాటకు నోలన్ గురించి మొదటిసారి మనసు విప్పి మాట్లాడింది. పొద్దున్నే పాడేవాడని, శ్రుతి ఉండదని, కుక్కలకు మనుషుల పేర్లు పెట్టేవాడని, కోపం వస్తే గరాజులో కూర్చొని పాత గాలపు రీళ్ళు విప్పదీసి మళ్ళీ బిగించేవాడని. చెబుతూ చెబుతూ ఏడ్చింది. అతను కదలకుండా విన్నాడు.

నోలన్‌ను చర్చి వెనక గుట్ట మీద పూడ్చారు. పోటీకి వచ్చినవాళ్ళలో చాలామంది ఊళ్ళకు వెళ్ళకుండా ఆగారు. పెట్టె మోసిన ఆరుగురిలో ఎమ్మెట్ ఒకడు, డబ్ కాస్టీ ఒకడు.

ఆ తర్వాత గుడ్డిగాడిద వాగు రూఫస్‌ది కాకుండా పోయింది. ఏప్రిల్‌లో ఒక పొద్దున వెళితే మూడో మలుపులో బోట్లు వరుసకట్టి ఉన్నాయి. వాళ్ళలో ఒకడు గుర్తుపట్టి, సిగ్గుపడి, చోటివ్వబోయాడు. రూఫస్ వద్దని చేయి ఊపి బోటు వెనక్కి తిప్పాడు. గైడు పనికి పిలిచేవాళ్ళు తగ్గారు. అందరికీ తెలిసిన చోటికి గైడు ఎందుకు?

మేలో, గుడ్లు పెట్టడం అయిపోయి బాస్ చేపలు మళ్ళీ లోతులకు దిగే వేళ, అతను ఎన్నడూ వెళ్ళని దక్షిణపు పాయ వైపు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ అడుగు అతనికి తెలియదు. ఏ గట్టు ఎక్కడ మొదలవుతుందో, ఏ మోడు ఎంత లోతులో ఉందో తెలియదు. బరువు కట్టిన ఎరను అడుగున ఈడుస్తూ, అది రాయికి తగిలిందా మట్టికి తగిలిందా అని వేలితో వింటూ, కొత్తగా నేర్చుకునేవాడిలా గంటలు గడిపేవాడు. వారానికి ఒకసారి, బడి లేని రోజున, వెర్లీ కూడా వెళ్ళేది.

"ఇక్కడేమైనా ఉన్నాయంటారా, బావగారూ?"

"ఏమో. నాకూ తెలియదు."

"సరే," అని ఆమె గాలం విసిరింది.