పదకొండు గ్యాస్ మాత్రలు

మందుల షాపు కౌంటరు వెనక ఇరవై ఆరేళ్లుగా నిలబడుతున్నాను. జ్వరానికి వచ్చినా, పంటి నొప్పికి వచ్చినా, కాలు బెణికి వచ్చినా కవర్లో ఒక గ్యాస్ మాత్రల స్ట్రిప్ పడాల్సిందే. డాక్టరు రాయకపోతే జనమే అడుగుతారు. కూరలో ఉప్పు వేసినట్టు నా చెయ్యి దానంతట అదే వేసేస్తుంది.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. వయసులో ఉన్నప్పుడు బస్సు బోల్తా పడితే నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. దాంతోపాటు హెపటైటిస్ సి కూడా ఎక్కింది. ఆనాడు ఆ పరీక్షలెక్కడివి? ముప్పై ఏళ్లు చాప కింద నీరులా పాకి, లివర్ మొత్తాన్ని తినేసింది. గ్రూపు కలిసింది నాకొక్కదానికే. నా లివర్‌లో సగానికి పైగా కోసి అన్నయ్యకి పెట్టారు. నాకు మిగిలింది రెండు మూడు నెలల్లో మళ్లీ పెరిగింది. దానితోపాటు నా నోరు కూడా పెరిగిందని మా ఆయన అంటాడు.

ఆరు నెలలు తిరక్కుండానే అన్నయ్య కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి.

"లివర్ మార్చాం గానీ రక్తంలో వైరస్ అలాగే ఉంది కదమ్మా" అంది డాక్టరమ్మ. ఆపరేషన్‌కి ముందు మందు వాడేంత వ్యవధి మాకు దొరకలేదు. ఇప్పుడది నేనిచ్చిన ముక్కలో చేరింది. ఆ వైరస్సే మనిషై ఉంటే జుట్టు పట్టుకుని ఈడ్చి ఉండేదాన్ని.

వైరస్‌ని చంపే మందు పన్నెండు వారాలు, రోజుకో మాత్ర. కోర్సు అయిపోయిన పన్నెండు వారాలకి ఆఖరి పరీక్ష. అప్పటికీ వైరస్ కనబడకపోతే పోయినట్టే. పోకపోతే ఈ లివర్ కూడా పాతదాని దారే పడుతుంది. ఇవ్వడానికి నా దగ్గర ఇంకోటి లేదు.

కొత్త లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మాత్రలు ఎలాగూ ఉన్నాయి. అన్నీ ఇచ్చే పని నేనే నెత్తినేసుకున్నాను. వదిన "నేనిస్తాలే" అంది. "నీకు వాటి పేర్లు పలకడమే రాదు" అని నోరు మూయించాను. రోజూ షాపుకి వెళ్లే ముందు వాళ్లింటికి వెళ్లి, డబ్బా తెరిచి, అన్నయ్య మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని.

నాలుగో వారంలో గుండెల్లో మంటగా ఉందన్నాడు. మర్నాడు పరగడుపున వాటితోపాటు ఒక గ్యాస్ మాత్ర కూడా చేతిలో పెట్టాను.

"ఎందుకులే, అదే తగ్గుతుంది" అన్నాడు.

"ముందు మింగు. నువ్వు బస్సు నడిపేటప్పుడు నేనేమైనా అడ్డు చెప్పానా?"

నవ్వి మింగేశాడు. అలా పదకొండు రోజులు.

పదకొండో రోజు సాయంత్రం ఒకావిడ షాపుకి వచ్చింది. అన్నయ్య వాడే వైరస్ మందే కావాలంది. కట్టి ఇచ్చాను. ఆవిడ కవర్లోకి చూసి ఒక స్ట్రిప్ తీసి కౌంటరు మీద పెట్టింది.

"గ్యాస్ మాత్ర వేశారేంటండీ? ఇది వేసుకుంటే ఆ మందు ఒంటికి పట్టదట. మా డాక్టరు మరీ మరీ చెప్పారు."

మందు పెట్టెలోని కాగితం విప్పి చదివాను. నిజమే. కడుపులో పులుపు ఉంటేనే ఆ మందు కరిగి రక్తంలోకి వెళ్తుంది. ఇన్నేళ్లలో ఎన్ని పెట్టెలు అమ్మానో, ఒక్కసారీ ఆ కాగితం విప్పలేదు. నాకు తెలియనిది ఏముంటుందిలే అనుకున్నాను.

ఎవరికీ చెప్పకుండా రేపటినుంచి ఆపేస్తే సరిపోతుంది కదా అని ఒక గంటసేపు అనుకున్న మాట కూడా నిజం. మర్నాడు అన్నయ్యని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లి, ఆయన ఎదుటే డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. డాక్టరమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఫైల్లో రాసుకుని, "ఇవాళ్టినుంచి ఆ మాత్ర ఆపండి, అసలు మందు మాత్రం ఆపొద్దు. ఆఖరి పరీక్షదాకా నేనేమీ చెప్పలేను" అంది. అన్నయ్య నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి నేను తిన్నది తిండి కాదు, పడుకున్నది నిద్ర కాదు. షాపులో గ్యాస్ మాత్ర అడిగిన ప్రతి మనిషినీ సవాలక్ష ప్రశ్నలు వేసేదాన్ని. ఓనరు విసుక్కున్నాడు కూడా.

ఆఖరి పరీక్ష రిపోర్టు వచ్చింది. వైరస్ లేదు. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. వదిన కళ్లు తుడుచుకుంది. అన్నయ్య మంచిదన్నట్టు తలూపాడు, అంతే.

బయట బెంచీ మీద కూలబడి, "నా అతితెలివికి నిన్ను పోగొట్టుకునేదాన్ని అన్నయ్యా" అన్నాను.

"నాకు తెలుసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"గ్యాస్ మాత్ర వేసుకోకూడదని. మొదటిరోజే నర్సు చెప్పింది. నువ్వప్పుడు మందుల క్యూలో ఉన్నావు."

"మరి తెలిసి తెలిసి ఎందుకు మింగావు?" అరిచినంత పని చేశాను.

అన్నయ్య వదిన వంక చూశాడు, తర్వాత తన చేతుల వంక. "లివర్ కోసిచ్చిన మనిషివి. నువ్వేదిస్తే వద్దనడానికి నాకు నోరేదే? ఆపరేషన్ అయినప్పటినుంచి నీ మాట దేన్నీ కాదనలేకపోతున్నాను. తాగే నీళ్లు చల్లగా ఉండాలా వద్దా అనేది కూడా నువ్వే చెబుతున్నావు."

లివర్ ఇచ్చి మనిషిని బతికించాననుకున్నాను గానీ, ఆయన్ని నాకు కట్టేసుకున్నానని తెలియలేదు.

సంచిలోంచి కొత్త లివర్ కోసం వాడే మాత్రల డబ్బా తీసి వదిన ఒళ్లో పెట్టాను. "రేపటినుంచి నువ్వే ఇవ్వు. పేర్లు పలకడం రాకపోయినా ఫర్వాలేదు, చీటీ చూసి ఇవ్వు. నేను ఆదివారం చూడ్డానికి వస్తాను. రావచ్చా అన్నయ్యా?"

అన్నయ్య బెంచీకి వీపు ఆనించి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. వైరస్ పోయిందని చెప్పినప్పుడు కూడా ఆయన మొహంలో ఇంత తేలిక నాకు కనబడలేదు.