బీరువాలో దాచిన దగ్గులు

ఎవరైనా బంగారం ఉంటే బీరువాకు తాళం వేస్తారు. మన డాక్టరమ్మ దగ్గులకు తాళం వేసేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పిల్లల వార్డులో ఏళ్ల తరబడి రికార్డు చేసిన దగ్గులన్నీ అరచేతిలో ఇమిడే ఒక డిస్కులో ఉండేవి. ఆసుపత్రికి బయలుదేరే ముందు దాన్ని బట్టల అడుగున పెట్టి, తాళం వేసి, తలుపు ఒకసారి లాగి చూసి మరీ కదిలేది.

"దొంగలొస్తే నా నగలు వదిలేసి నీ దగ్గులు ఎత్తుకుపోతారటే?" అని అత్తగారు ఆటపట్టించేవారు.

ఆ దగ్గుల విలువ సామాన్యమైనది కాదు. పిల్లవాడి దగ్గు వినిపిస్తే అది న్యుమోనియానో, మామూలు జలుబో కంప్యూటరు చెప్పగలదని డాక్టరమ్మ కనిపెట్టింది. ఎక్స్‌రే యంత్రం లేని చోట ప్రాణం నిలబెట్టే పరీక్ష అది. పరిశోధన పత్రికలో వ్యాసం అచ్చయింది, పేరొచ్చింది. వ్యాసం చివర అందరూ రాసే వాక్యమే ఆమె కూడా రాసింది: "సమాచారం కోరినవారికి ఇవ్వగలము." కోరారు. ఆమె ఇవ్వలేదు. కొందరికి వచ్చే నెల అంది, కొందరికి జవాబే రాయలేదు. కష్టం తనది కాగా, ఎవరో దానితో నాలుగు వ్యాసాలు రాసుకుంటే తను చూస్తూ కూర్చోవాలా అన్నది ఆమె బాధ. పాఠకులు ఆమెను చెడ్డదనుకోవద్దు. చదువుకున్న లోకంలో చాలామంది చేసే పనే చేసింది. అది తప్పని అనుకోవడమే మనం మానేశాం.

ఇంతలో పిడుగులాంటి వార్త. ఆమె వార్డులో చక్కగా పనిచేసిన పరీక్ష ఇతర ఆసుపత్రుల్లో బొత్తిగా తప్పింది. న్యుమోనియా పిల్లలకు జలుబన్నది. అక్కడి వైద్యులు ఛాతీ పరీక్షించి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. లెక్కలు వండి వార్చిందన్న గుసగుసలు మొదలయ్యాయి.

"తప్పెక్కడుందో తేలకపోతే ఈ పరీక్షను శాశ్వతంగా పక్కన పెట్టేస్తామమ్మా" అన్నారు ఆసుపత్రి పెద్ద డాక్టరు.

డాక్టరమ్మ అన్నీ తిరగేసి చూసింది. తప్పు చిక్కలేదు. ఆ సాయంత్రం తల పట్టుకుని కూర్చున్న కోడలి ముందు అత్తగారు టీ పెట్టారు.

"ఎవరెవరో అడుగుతున్నారన్నావుగా. ఇచ్చెయ్యరాదూ? వాళ్లూ వెతుకుతారు."

"మీకు తెలీదత్తయ్యా. అదంతా నా కష్టం."

"కష్టం నీదే, కాదన్నానా? దగ్గులు నీవా? ఆ తల్లులు జ్వరంతో కాలిపోతున్న పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని నీ మైకు ముందు కూర్చున్నారంటే, ఇంకో నలుగురు పిల్లలకి పనికొస్తుందని నువ్వు చెప్పబట్టే కదా! బట్టల కింద దాస్తానని చెప్పావా వాళ్లకి?"

సిగ్గుతో కోడలి తల వాలిపోయింది.

ఆసుపత్రి అనుమతి తీసుకుంది. పిల్లల పేర్లు, ఆనవాళ్లు తొలగించింది. ఏ దగ్గు ఏ గదిలో, ఏ మైకుతో రికార్డయిందో వివరంగా రాసి, పరిశోధకులెవరైనా తీసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది.

కొన్ని వారాలకు, ఎప్పుడూ చూడని నగరం నుంచి దగ్గుల మీదే పరిశోధన చేస్తున్న ఒక సౌండ్ ఇంజనీరు ఫోన్ చేసింది.

"డాక్టర్‌గారూ, న్యుమోనియా పిల్లల దగ్గుల వెనక సన్నగా గరగర వినబడుతోందండీ. జలుబు పిల్లల దగ్గుల్లో లేదు. ఏమిటది?"

డాక్టరమ్మకు వెంటనే తట్టింది. "వార్డులో పాత ఫ్యానండీ! జలుబు పిల్లల్ని నా గదిలో రికార్డు చేశాను. అక్కడ ఫ్యాను లేదు."

"అయితే మీ కంప్యూటరు దగ్గు వినలేదు, ఫ్యాను వింది! గరగరమంటే న్యుమోనియా, లేకపోతే జలుబు. మిగతా ఆసుపత్రుల్లో ఆ ఫ్యాను లేదుగా మరి."

"అంటే నా పనంతా మట్టిలో కలిసినట్టేనా?"

"అయ్యో, ఎందుకు కలుస్తుందండీ? ఆ చప్పుడు తీసేసి, మా దగ్గరున్న దగ్గులు కూడా కలిపి కంప్యూటరుకు మళ్లీ నేర్పించాను. తేడా నిజంగా దగ్గులోనే ఉంది. మీరు చెప్పిందే నిజం!"

డాక్టరమ్మ ఏడుస్తూనే నవ్వింది. అత్తగారికి ఏమీ అర్థం కాకపోయినా ఆమె కూడా నవ్వారు.

తప్పిందన్న ఆసుపత్రుల్లోనే పరీక్ష మళ్లీ పెట్టారు. ఈసారి నెగ్గింది. డాక్టరు కూడా లేని ఒక మారుమూల కేంద్రంలో నర్సు ఫోన్‌లోనే పసిపాప దగ్గు రికార్డు చేసి, పరీక్ష న్యుమోనియా అనగానే పాపను పెద్దాసుపత్రికి పంపింది. పాప బతికింది. కొత్త వ్యాసం ఇద్దరి పేర్లతో వచ్చింది. అది చూసి మరికొందరు వైద్యులు తమ వార్డుల దగ్గులను తెచ్చి ఇంటర్నెట్‌లోని ఆ దగ్గులతో కలిపారు.

వైద్యుల మహాసభలో హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాక డాక్టరమ్మ మైకు దగ్గరకు వచ్చింది.

"ఆ ఫ్యాను కింద ఏళ్లు పనిచేశాను. అలవాటైపోయి దాని చప్పుడు నా చెవిన పడలేదు. ముక్కూ మొహం తెలియని మనిషికి వినబడింది. మన దగ్గరున్న సమాచారం ఇస్తే మన పేరు పోతుందని భయపడతాం. నేను ఇచ్చి చూశాను. పోయింది నా తప్పు ఒక్కటే."