మగ్గబెట్టిన క్లిప్పు

తెల్లవారితే కడియంలో రెండే చప్పుళ్ళు. నర్సరీల్లో లారీలకి మొక్కలెక్కించేవాళ్ళ కేకలు ఒకటి, కాలవగట్టు మీద శ్యాంబాబు మెకానిక్ షెడ్డులో మొరాయించే బండ్ల దగ్గు ఇంకొకటి. శ్యాంబాబు భార్య దీనమ్మకి రెండు చోట్లా పనే. పొద్దున నర్సరీలో అంట్లు కట్టేది, మధ్యాహ్నం వచ్చి షెడ్డు వెనక జామచెట్టు చూసుకునేది.

అంటు కట్టడమంటే బ్రహ్మవిద్య కాదు. కొమ్మ బెరడు ఉంగరంలా గీరి, అక్కడ తడినాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి పురికొసతో బిగించడమే. కొన్నాళ్ళకి వేళ్ళు పుడతాయి. జామచెట్టుకి మాత్రం దీనమ్మ ఆ నాచులో విరిగిన బండి సామాను పెట్టేది. రాజమండ్రి కొట్లలో "ఆ మోడల్ ఆగిపోయిందండి" అని పంపేసిన స్ప్రింగులు, పిన్నులు, వాషర్లు అన్నమాట. నాలుగు వానలు పడితే ఆ కొమ్మకి అలాంటిదే కొత్తది కాసేది. పైన ఆకుపచ్చ తొక్క, లోపల ఇనుము. ఒక ముక్కకి ఒకటే కాయ. పాతముక్క చెట్టులో కరిగిపోతుంది గనక మళ్ళీ అడగడానికి ఉండదు.

ఊళ్ళో దీన్నెవరూ వింతనుకోలేదు. కడియంలో ఏది పాతినా వస్తుంది కదా. "ఉడతలు స్ప్రింగులు కొరికేస్తున్నాయి దీనమ్మా, గుడ్డ కట్టు" అని దారినపోయేవాళ్ళు చెప్పి పోయేవారు. సైలెన్సర్ పట్టుకొచ్చిన ఒకాయనతో మాత్రం దీనమ్మ, "ఇది జామచెట్టండీ, పనసచెట్టు కాదు" అంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు పెద్దిరాజు గారు తన పాత బండిని తోసుకుంటూ వచ్చారు. రొయ్యల మేత అమ్ముతూ ఆ బండి మీదే భీమవరం దాకా తిరిగిన మనిషి. శ్యాంబాబు కార్బురేటర్ విప్పి, విరిగిన క్లిప్పు చూపించాడు. ఇంజనుకి ఎంత పెట్రోలు వెళ్ళాలో చూసేది ఒక సూది. ఆ సూది జారకుండా పట్టుకునేది ఈ క్లిప్పు. చిటికెనవేలి గోటి మీద పెడితే ఇంకా చోటు మిగులుతుంది.

వేరే బండి క్లిప్పు అరగదీసి పెట్టాడు. పెద్దిరాజు గారు వెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ వచ్చారు.

"నడుస్తోంది శ్యాంబాబూ. చప్పుడే అది కాదు."

"చప్పుడుదేముందండీ, బండి నడవాలి గానీ."

"మా ఆవిడ తలుపు తీయట్లేదయ్యా."

అప్పుడు చెప్పారు. భార్య రామలక్ష్మి గారికి మతిమరుపు. మొగుడి ముఖం కూడా మరిచిపోయారు. రోజూ సాయంత్రం వీధి మలుపులో విన్న ఆ బండి చప్పుడొక్కటే మిగిలింది. అది వినబడితే గడియ తీస్తారు. లేకపోతే పరాయివాడని లోపల బిగించుకుంటారు. ఆడవాళ్ళయితే రానిస్తారు.

"విరిగిన ముక్క పారేయలేదు కదండీ?" అని దీనమ్మ చెయ్యి చాచింది.

అంటు కట్టింది. పిందె పడింది. పెద్దిరాజు గారు రోజూ వచ్చి పిందె చూసుకుని, రాత్రికి తన ఇంటి అరుగు మీదే పడుకునేవారు. పక్కింటి వీరమ్మ లోపల తోడుండేది. "ఎవరో పెద్దాయన పాపం, అరుగు మీద ఉంటున్నాడు" అని రామలక్ష్మి గారు ఆమె చేత కంచంలో అన్నం పంపించేవారు.

ఈ సంగతి కాకినాడలో ఉన్న కూతురు శ్రీదుర్గకి తెలిసింది. "అమ్మ లోపల, నువ్వు అరుగు మీద. ఇలా ఎన్నాళ్ళు నాన్నా? రాజమండ్రిలో ఇలాంటివాళ్ళని చూసే ఆశ్రమం ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను" అంది. అక్కడ ఆడవాళ్ళనే ఉంచుకుంటారు.

ఆ కంగారులో పెద్దిరాజు గారు, దీనమ్మ నర్సరీలో ఉండగా, కాయ కోసేశారు.

దీనమ్మ వచ్చి తొక్క గీరి చూసింది. క్లిప్పు వేలికి మైనంలా వంగింది. పండు మగ్గితే మెత్తబడుతుంది, ఇనుము మగ్గితే గట్టిపడుతుంది. ఇది పచ్చిది.

"పాడుచేశానా అమ్మా?" అన్నారు పెద్దిరాజు గారు.

"ఉండండి బాబాయ్ గారూ. మామిడికాయ తొందరపడి కోస్తే ఏం చేస్తాం?"

"మగ్గబెడతాం."

"మీ ఇంట్లో ఎవరు మగ్గబెట్టేవారు?"

"ఆవిడే. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు మగ్గేస్తే వీధంతా ఆ వాసనే."

దీనమ్మ ఆ క్లిప్పుని కొంగున ముడేసుకుని, గుప్పెడు ఎండుగడ్డి పట్టుకుని రామలక్ష్మి గారి దగ్గరికి వెళ్ళింది.

"పిన్నిగారూ, ఈ కాయ కాస్త మగ్గేసి పెడతారా? నాకు పాళ్ళు తెలీవు."

రామలక్ష్మి గారు క్లిప్పుని అరచేతిలో దొర్లించి, వాసన చూసి, "ఎవరు కోశారే దీన్ని? తొందరపాటు మనిషిలా ఉన్నాడు" అన్నారు.

"అవునండీ, మహా తొందర."

ఆవిడ నవ్వి, బియ్యం డబ్బాలో గడ్డి పరిచి, దాన్ని పాపాయిలా పడుకోబెట్టారు. నిన్న ఏం తిన్నారో తెలియని మనిషి, పొద్దునా సాయంత్రం డబ్బా మూత తీసి నొక్కి చూడ్డం మాత్రం మరవలేదు. దీనమ్మ వెళ్ళి అడిగినప్పుడల్లా ఒకటే మాట: "పచ్చే."

ఆదివారం శ్రీదుర్గ కారులో వచ్చి తల్లి చీరలు సంచిలో సర్దుతోంది. దీనమ్మ చర్చి నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది. రామలక్ష్మి గారు గడ్డిలోంచి క్లిప్పు తీసి, గోటితో కొట్టి విన్నారు. ఖంగుమంది.

"పట్టుకెళ్ళు. అరుగు మీద పెద్దాయనకి ఇయ్యి. పాపం, ఎవరి కోసమో చూస్తున్నాడు."

పెద్దిరాజు గారు దాన్ని తీసుకుని, బండి ఉన్న షెడ్డుకి నడిచిన నడక పరుగుకి తక్కువేం కాదు. దీనమ్మ అక్కడే గుమ్మంలో నిలబడింది. శ్రీదుర్గ సంచి జిప్పు వేసి, "అమ్మా, వెళ్దామా?" అని చెయ్యి పట్టుకుంది. రామలక్ష్మి గారు బుద్ధిగా లేచారు.

వీధి మలుపులో బండి దగ్గింది. ఒకసారి ఆగి, ఆపైన సాగింది, పాత తాళంలో.

రామలక్ష్మి గారు కూతురి చెయ్యి విడిపించుకుని, కొంగు సర్దుకుని గుమ్మంలోకి వచ్చారు. "ఇంత ఆలస్యమేంటండీ? భీమవరంలో వానా?"

పెద్దిరాజు గారి చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది. బండి ఆపితే ఏమవుతుందోనన్న భయం ముఖంలో కనబడుతోంది.

"ఆపండి. ఇల్లంతా పొగ."

ఆపారు. చప్పుడు పోయింది. కాలవ మీద గాలి వినబడుతోంది. రామలక్ష్మి గారు ఆయన ముఖంలోకి అలాగే చూస్తున్నారు. క్లిప్పు డబ్బాలో మగ్గినన్నాళ్ళూ ఆవిడ వేళ్ళకి అంటిన వాసన, దాన్ని జేబులో పెట్టుకెళ్ళిన ఆయన చొక్కా మీంచి కూడా వస్తోందేమో, ఒకసారి గట్టిగా పీల్చారు.

"నా కాయ కోసింది మీరేనా?" అన్నారు. "పెళ్ళైన నాటి నుంచీ ఇదే తొందర. కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను."

శ్రీదుర్గ సంచి జిప్పు తీసి, చీరలు ఒక్కొక్కటే దండెం మీద వేయడం మొదలుపెట్టింది.