రాయికి పట్టని పద్యం

పొద్దున ప్రార్థన అయ్యాక ఫాదర్ చర్చి తలుపు దగ్గరగా వేసి, రాళ్ళ కొట్టు ఉన్న వీధి వైపు నడిచాడు. మలుపులో ఇస్త్రీ అతను పెట్టె ఆపకుండానే పలకరించాడు.

"పద్యం ఎంతవరకొచ్చింది ఫాదర్?"

"సాగుతోంది."

"అదేలెండి, సాగుతూనే ఉంది పాపం," అని అతను చొక్కా తిరగేశాడు.

ఆ ఊళ్ళో మనిషి పోవాలంటే ఫాదర్ పద్యం పూర్తి కావాలి. మంచం పక్కన కూర్చుని ఆ మనిషి గురించి దేవుడికి పద్యంగా నాలుగు మాటలు చెబుతాడు. పద్యం ముగిసి ఫాదర్ నోరు మూతపడగానే మంచం మీది ప్రాణం వెళ్ళిపోతుంది. అప్పటిదాకా జబ్బు ఎంత పీడించినా పోదు. పాత ఫాదర్ కాలం నుంచీ అంతే. కుళాయి ఫలానా వేళకి వస్తుందని బిందెలు సిద్ధం చేసుకున్నట్టు జనం దానికి తగ్గట్టు పనులు సర్దుకునేవాళ్ళు. మనవరాలి కాన్పు అయ్యేదాకా తన పద్యం ఎత్తొద్దని ఒక ముసలమ్మ కబురు చేసింది. తీరా కాన్పు అయ్యాక, పిల్లకి స్నానం చేయించడం వీళ్ళెవరికీ చేతకాదు, ఇంకాస్త ఆగమంది.

చనిపోయినవాళ్ళ పద్యాల్ని సమాధి రాళ్ళ మీద చెక్కేది ఉలి బాబాయ్. ఫాదర్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఊరంతా ఆయనకి దండం పెట్టేది గానీ పక్కన కూర్చునేవాళ్ళు లేరు. బాబాయ్ ఒక్కడే మొదటి పద్యం విని, "బాగుంది ఫాదర్. అక్షరానికోసారి భుజం లాగేస్తుంది నాకు. ఎక్కడ ఆపాలో చెప్పనా?" అని చూపుడువేలు ఎత్తాడు. అది అలవాటైపోయింది. ఫాదర్ చెబుతుంటే బాబాయ్ కళ్ళు మూసుకుని వినడం, చాలనిపించిన చోట వేలెత్తడం. అక్కడిదాకానే రాతికెక్కేది. ఫాదర్‌కి దేవుడితో బోలెడు మాటలుండేవి. మనుషుల్లో మాత్రం ఈ ఒక్కడే.

ఇప్పుడు బాబాయ్ ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. నడుం వాలిస్తే ఊపిరాడదు, అందుకని గోడకి ఆనుకుని కూర్చునే ఉంటాడు, నిద్రలో కూడా. ఆ ఊపిరి రంపం కోసినట్టు వీధిలోకి వినిపిస్తుంది.

మొదటి రోజు ఫాదర్ ఆయన పక్కన కూర్చుని, ముందుగా ఏమీ అనుకోకుండానే ఇలా చెప్పాడు:

*తండ్రీ, ఇతను మా అందరి పేర్లూ రాతిలో చెక్కాడు.*
*ఇతని పేరు నువ్వు నీ అరచేతిలో చెక్కుకో.*

రంపం చప్పుడు తగ్గింది. బాబాయ్ భుజాలు కిందికి జారాయి. ప్రాణం పోతోందని ఫాదర్‌కి తెలిసింది.

"కానీ తండ్రీ," అన్నాడు గబుక్కున.

రంపం మళ్ళీ మొదలైంది.

ఇక అక్కడి నుంచి పద్యానికి అంతు లేదు. బాబాయ్ కనుబొమల్లో తెల్లటి పొడి, పెళ్ళాం పేరు చెక్కేటప్పుడు ఉలి జారి తెగిన బొటనవేలు, కొట్టు చూరులో పిచ్చుకల కాపురం. దేవుడికి బాబాయ్ గురించి తెలియని సంగతంటూ మిగల్లేదు. లేచేముందు రోజూ "కానీ తండ్రీ" అని వదిలేసి వెళ్ళేవాడు, తలుపు మూసుకుపోకుండా రాయి అడ్డం పెట్టినట్టు.

ఈ పొద్దున ఫాదర్ వెళ్ళేసరికి కొట్లో బాబాయ్ కూతురు నున్నగా సానపట్టిన ఖాళీ రాయి ముందు కూర్చుని ఉంది. అది తండ్రి కోసమే. ఫాదర్‌ని చూసి లేచింది.

"ఇంకెంత ఉంది ఫాదర్?"

"వస్తోందమ్మా."

"ఇంత పొడుగు పద్యానికి రాయి దొరకదు. గోడ కట్టించాలి." ఆమె నవ్వలేదు. "నిన్న నాన్న ఉలి తెమ్మన్నాడు. చేత్తో పట్టుకుంటే కాస్త ఊరటగా ఉంటుందేమోనని ఇచ్చాను. గొంతు మీద పెట్టుకుని, నా చేతుల్లో బలం లేదే, నువ్వు నొక్కు అన్నాడు."

ఫాదర్ చూపు లోపలి గుమ్మం వైపు తిరిగింది.

"నొక్కినా ప్రాణం పోదని ఆయనకి తెలుసు. తెలిసీ అడిగాడు," అందామె. "మీకు మా నాన్నంటే ప్రాణం ఫాదర్. ఆ ప్రాణాన్ని ఎవరు మోస్తున్నారో లోపలికెళ్ళి చూడండి."

లోపల బాబాయ్ పెదాలు నల్లబడి ఉన్నాయి. పక్కటెముకలు ఒక్కొక్కటీ ఎగిసిపడుతున్నాయి. గొంతు గుంట దగ్గర ఉలి మొన గీరిన గీత కనిపించింది. ఫాదర్ అది చూసి పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది.

"బాబాయ్, మీరు వెళ్ళిపోతే నేనెవరికి చెప్పుకోను?"

"నాకేం తెలుసు ఫాదర్," అన్నాడు బాబాయ్, మాట మాటకీ ఆగుతూ. "నేనిక్కడ చావలేక చస్తున్నాను."

ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అన్నాడు: "మొదట్నుంచీ చెప్పండి."

"మొదట్నుంచా? సాయంత్రం అవుతుంది."

"అవనీండి. ఎక్కడికి పోగలను గనక."

బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. ఫాదర్ ముఖం తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

*తండ్రీ, ఇతను మా అందరి పేర్లూ రాతిలో చెక్కాడు.*
*ఇతని పేరు నువ్వు నీ అరచేతిలో చెక్కుకో.*

బాబాయ్ వేలు లేచింది.

ఫాదర్‌కి మొదట అర్థం కాలేదు. దాహమేమో అనుకుని చెంబు అందుకోబోయాడు. వేలు అలాగే ఉంది, వణుకుతూ, దించకుండా. అప్పుడు తెలిసింది. పద్యం మొదటి రోజే అయిపోయింది. ఆ తర్వాతదంతా తన భయం, బాబాయ్ నొప్పి.

"కానీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాడు. బయట ఇస్త్రీ అతను ఎవరితోనో బేరమాడుతున్నాడు. రంపం ఒకసారి లాగింది, మరోసారి లాగింది. ఒక్క మాట అంటే చాలు, రేపు కూడా ఈ మనిషి ఇక్కడే ఉంటాడు. ఫాదర్ అరచేత్తో నోరు మూసుకున్నాడు. ఆ మాట మింగుడు పడటానికి చాలాసేపు పట్టింది.

రంపం ఆగిపోయింది. ఎత్తిన వేలు మాత్రం అలాగే ఉండిపోయింది. ఫాదర్ దాన్ని తన చేతిలోకి తీసుకుని మెల్లగా మడిచాడు.

వీధిలోకి చప్పుడు వినిపించకపోయేసరికి కూతురు గుమ్మంలోకి వచ్చింది. తండ్రి దగ్గరికి వెళ్ళి, కాళ్ళు చాపి, ఇన్నాళ్ళకి ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టింది. దుప్పటి సర్ది, ముఖం తిప్పకుండానే అడిగింది.

"ఎంతవరకు చెక్కమన్నాడు?"

"రెండు పంక్తులు," అన్నాడు ఫాదర్. "మొదటి రోజువి."

ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. తర్వాత బయటికి వెళ్ళి సుత్తి అందుకుంది.