మేడి పట్టిన చెయ్యి

నేను ఒక గొర్రును, విత్తనం వేసే పనిముట్టును. పాలమూరు పల్లెలో ఒక వడ్లాయన నన్ను తుమ్మకర్రతో చెక్కాడు. యాభై ఏళ్లు దాటినా ఒక సంగతి నాకు అంతుపట్టలేదు. వెనక నడుస్తూ నా గొట్టంలోకి గింజలు వదిలేది ఆడవాళ్లే. నా పిడిని, అదే మేడిని, మాత్రం మగవాడే పట్టాలి. ఆడది పడితే వాన ఎగ్గొడుతుందట! వానదేవుడు పైనుంచి గాజులు వెతుకుతాడా ఏమిటి? ఏమో, కర్రముక్కను, నాకేం తెలుసు.

ఈ ఏడు మిరుగు కార్తెలో తొలకరి వాన బాగా పడింది. విత్తనానికి తగిన నేల పదును రెండు రోజులే నిలుస్తుంది. ఇంటాయన కుర్మయ్య పుణెలో బిల్డింగు పనిలో ఉన్నాడు. మేస్త్రి సెలవియ్యలేదని, ఎవరినైనా చూసుకొమ్మని ఫోన్ చేశాడు. ఎవరిని చూడాలి? ఊళ్లో మగవాళ్లంతా పుణెలోనే ఉన్నారాయె. గింజ పడకపోతే తిండికి జొన్నలుండవు. అతని భార్య మొగులమ్మ కూడా చంటిబిడ్డతో ఇటుకలు మోయడానికి పోవలసిందే.

మొగులమ్మ ఎద్దులు కట్టి మేడి మీద చెయ్యి వేసింది, తీసేసింది, మళ్లీ వేసింది. సంతోషించాలో భయపడాలో నాకూ తోచలేదు. అంతలో అత్త సాయమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె కొడుకు చొక్కా తెచ్చి కోడలికి తొడిగి, తలకు రుమాలు చుట్టింది.

"ఇగ పట్టు. పైనున్నోడు గుర్తువట్టడు."

దేవుణ్ణి ఇలా కూడా బోల్తా కొట్టించవచ్చా అని విస్తుపోయాను. సాయమ్మ గింజలు ఒడిలో పోసుకుని నా వెనక నడిచింది. మొదటి సాలు వంకర పోయింది, తర్వాతివి చక్కబడ్డాయి. సగం చేను అయ్యేసరికి వెనక గింజలు ఆగిపోయాయి. చూస్తే సాయమ్మ సాలులో నిలబడి ఏడుస్తోంది. ఏమైందత్తా అని మొగులమ్మ అడిగింది.

"నీ మామ దూరం డ్యాం కట్ట పనికి వోయిన ఏడు గూడ గిట్లనే పదునుండె. మేడి ముట్టలే నేను. చేను ఇత్తనం లేక పడావు పడ్డది. ఆ కరువుల నా పెద్దబిడ్డ సచ్చిపాయె పిల్లా. నన్నెవ్వరు వద్దనలే. నేనే భయపడ్డ."

ఆ ఏడు నన్ను కొట్టంలోంచి ఎందుకు తియ్యలేదో నాకు ఇన్నాళ్లూ తెలియదు.

మొగులమ్మ అత్త ఒడిలోని గింజలు తాను అందుకుని వెనక్కి వచ్చింది. సాయమ్మ మేడి పట్టింది. ఎద్దులు కదిలాయి. ఒక సాలు, గట్టు దాకా, తిన్నగా పోయింది. అక్కడ ఆగి ఆమె తన అరచేతులు చూసుకుంది.

"గింతేనా పిల్లా?"

మొగులమ్మ ఎద్దులను తిప్పి, మేడిని మళ్లీ అత్త చేతికే ఇచ్చింది.