సుత్తి, దిండు, మూడోది

మా తోడల్లుడు పళ్ల డాక్టరు. మంచివాడే. పది నిమిషాలకు మించి భరించే పని లేకపోతే ఇంకా మంచివాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే క్లబ్బు కోర్టులో అతనూ మా మరదలూ ఒక పక్క, నేనూ మా ఆవిడా ఒక పక్క నిలబడి పికిల్‌బాల్ ఆడతాం. చిల్లుల ప్లాస్టిక్ బంతి, మధ్యలో నడుమెత్తు నెట్, చేతిలో పొట్టి బ్యాటు. దాన్ని ప్యాడిల్ అనాలి. బ్యాటు అంటే మా తోడల్లుడు దిద్దుతాడు.

వరసగా ఏడు ఆదివారాలు ఓడిపోయాం. ఓడించింది వాళ్లు కాదు, నేనే. బంతి కనబడితే చాలు, ఒంట్లో బలమంతా చేతిలోకి తెచ్చుకుని బాదుతాను. అది గీత దాటిపోయి మంచినీళ్ల కూలరుకి తగులుతుంది. బంతి కనబడుతోందా బావా, కళ్లద్దాలు మార్పించుకోకూడదూ అంటుంది మరదలు. కళ్లద్దాల షాపు నాదే. అందులో కళ్లు పరీక్ష చేసేదీ నేనే.

ఏడోసారి ఓడాక మా ఆవిడ బూట్ల లేసులు విప్పుకుంటూ తేల్చి చెప్పేసింది. వచ్చే ఆదివారం కూడా ఓడితే జట్లు మారతాయి. అక్కాచెల్లెళ్లు ఒక పక్క, తోడల్లుళ్లు ఒక పక్క. మరదలు అప్పుడే చప్పట్లు కొట్టింది. తోడల్లుడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మనిద్దరికీ బాగా కుదురుతుంది అన్నయ్యగారూ. మీ మోచెయ్యి సంగతి నేను చూసుకుంటాను."

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఏ తగవులో అయినా నేను మా ఆవిడ పక్కనే నిలబడ్డాను, చాలాసార్లు గత్యంతరం లేకనే అనుకోండి. ఈ వయసులో పళ్ల డాక్టరు పక్కన నిలబడి మోచెయ్యి దిద్దించుకోవడం నా వల్ల కాదు.

కాబట్టి తప్పంతా నా పాత ప్యాడిల్‌దేనని నిర్ణయించాను. బుధవారం మధ్యాహ్నం షాపుకి తాళం వేసి నేనూ మా ఆవిడా ఆటసామాన్ల దుకాణానికి వెళ్లాం. దుకాణం ఆవిడ మూడు ప్యాడిళ్లు తీసి బల్ల మీద పెట్టింది. మొదటిది పొడుగ్గా, పల్చగా ఉంది, బరువంతా కొసలోనే. గాల్లో ఊపితే సుయ్యిమంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ దానికి సుత్తి అని పేరు పెట్టింది. రెండోది వెడల్పుగా, మందంగా ఉంది. ఎంత జోరుగా వచ్చిన బంతినైనా మెత్తగా ఆపుతుందట. దానికి దిండు అని నేను పేరు పెట్టాను. మూడోది ఈ రెండిటికీ మధ్యరకం. పద్నాలుగు మిల్లీమీటర్ల మందం, రెండువందల పాతిక గ్రాముల బరువు. వెనక నుంచి గట్టిగా కొట్టాలన్నా, నెట్ దగ్గర మెల్లగా దాటించాలన్నా, కోర్టులో ఎక్కడ నిలబడినా పనికొస్తుందని దుకాణం ఆవిడ చెప్పింది. అటూ ఇటూ కాని వస్తువు నాకెందుకన్నాను.

మా ఆవిడ నాతో వాదించలేదు. మా షాపులో ఫ్రేములు బిగించే పని తనది. ఏ ఫ్రేమునైనా ముందు చూపుడువేలి మీద ఆనించి చూస్తుంది. ముందుకి వాలితే అది ముక్కు మీంచి జారే రకమని పక్కన పెట్టేస్తుంది. ప్యాడిళ్లని కూడా అలాగే, పిడికి బెత్తెడు పైన వేలు పెట్టి నిలబెట్టింది. సుత్తి తల వాల్చేసింది. దిండు పిడి వైపు ఒరిగింది. మూడోది కాసేపు ఊగి, కుదురుగా నిలబడింది. అయినా నేను సుత్తిని వదల్లేదు.

"సరే, కళ్లు మూసుకోండి," అంది. "ఒక్కొక్కటీ చేతికిస్తాను. కళ్లకి కాదు, చేతికి ఏది నచ్చిందో చెప్పండి."

రోజూ ఊళ్లోవాళ్లకి పరీక్షలు పెట్టేవాణ్ణి, ఈ మాత్రం దానికి వెనకాడతానా? మూసుకున్నాను. ఇది మొదటిది అంది. అటూ ఇటూ ఊపాను. మణికట్టు లాగేస్తోందన్నాను. ఇది రెండోది అంది. ఫర్వాలేదు గానీ బొత్తిగా జీవం లేదన్నాను. ఇది మూడోది అంది. పిడి చేతిలో పడగానే నా మొహం విప్పారి ఉంటుంది. ప్యాడిల్ అంటే ఇదీ అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే చేతిలో మధ్యరకంది ఉంది. దుకాణం ఆవిడ ఎందుకో అటు తిరిగి ఒకటే దగ్గుతోంది. నా చేతికున్న తెలివికి నేనే మురిసిపోయి, దాన్నే కొనుక్కున్నాను.

ఆదివారం రానే వచ్చింది. మాకు పది, వాళ్లకి తొమ్మిది. ఇంకొక్క పాయింటు వస్తే ఆట మాదే. బంతి నెట్ దగ్గర లేచింది. నా చెయ్యి అలవాటుగా పైకి లేచింది. పక్క నుంచి మా ఆవిడ మెల్లగా, మెల్లగా అంది. ప్యాడిల్ అడ్డం పెట్టి ఊరికే తాకించాను. బంతి నెట్ దాటి పళ్ల డాక్టరు బూటు ముందు పడి, రెండోసారి కూడా ఎగిరి, దొర్లుకుంటూ పోయింది. అతను చూస్తూ నిలబడిపోయాడు. ఆ రోజు నేను తోడల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ప్యాడిల్ ఎంచుకోవడం గురించి అరగంట పాఠం చెప్పాను. చేతి మాట వినాలి తమ్ముడూ అని కూడా అన్నాను.

సోమవారం లెక్కల మాస్టారొకాయన కళ్ల పరీక్షకి వచ్చాడు. ఏదీ తేల్చుకోలేని మనిషి. ఆ అద్దమా, ఈ అద్దమా అని నన్ను అరగంట తిప్పాడు. ఇలాంటివాళ్ల కోసం నా దగ్గర ఒక చిట్కా ఉంది. ఉన్న అద్దాన్నే తీసి, మళ్లీ అదే పెట్టి, ఇది రెండోది అంటాను. అందరికీ ఆ రెండోదే నచ్చుతుంది. మాస్టారికీ నచ్చింది.

"దీంతో హాయిగా ఉందండీ," అన్నాడు. "ఇందాకటిది కళ్లు లాగేసింది."

పక్క కౌంటరులోంచి మా ఆవిడ కిసుక్కున నవ్వింది.

లాగేసింది అన్న మాట నా చెవిలో ముల్లులా దిగింది. బుధవారం నేనన్నదీ అదే మాట. మాస్టారిని చీకటి గదిలోనే వదిలేసి కౌంటరు దగ్గరికి వెళ్లాను. మా ఆవిడ ఒక ఫ్రేముకి మర బిగిస్తోంది.

"మూడుసార్లూ ఒకటే ఇచ్చావు కదూ?"

"మూడుసార్లూ," అంది, తల ఎత్తకుండా. "మీ దగ్గర నేర్చుకున్నదేగా."

నాకు ఒళ్లు మండిపోయింది. నా చిట్కాతో నన్నే బకరాని చేసింది, అదీ ఆ దుకాణం ఆవిడ ఎదురుగా. అంత నాటకం దేనికని నిలదీశాను. నన్ను ఆ సుత్తే కొనుక్కోనిస్తే పోయేదిగా, ఆదివారం ఓడిపోయి ఉంటే నీ చెల్లెలితో హాయిగా ఆడుకునేదానివిగా అన్నాను.

మా ఆవిడ ఫ్రేముని వేలి మీద నిలబెట్టి చూసుకుంది.

"చెల్లెలితో ఆడాలనుంటే, ఆ సుత్తిని నేనే కొనిచ్చేదాన్ని."

నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. కౌంటరు మీద ఉన్న అద్దాలన్నీ ఒకసారి తుడిచాను. ఈలోగా గదిలోంచి మాస్టారు గొంతు సవరించుకుని, ఆ మొదటి అద్దం ఇంకొక్కసారి చూపిస్తారా అని అడిగాడు. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూపిస్తానని చెప్పి లోపలికి వెళ్లాను.